గోపాలపూర్ నుంచి చంద్రగిరి దాకా: వదినతో నాలుగు రోజుల నడక

ముందే చెప్పేస్తాను, ఇది గుడులూ బీచ్‌లూ చూసొచ్చిన యాత్ర కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళ వైద్యం ఖర్చులకి డబ్బు పోగుచెయ్యాలని మొన్న డిసెంబరులో 22 మందిమి ఒడిశాలో గోపాలపూర్ సముద్రం ఒడ్డు నుంచి చంద్రగిరి కొండల దాకా నడిచాం. నాలుగు రోజులు, 100 కిలోమీటర్లు అటూఇటూ. మాలో 14 మంది ఆడవాళ్ళం, అందరం బరంపురం చుట్టుపక్కల తెలుగువాళ్ళమే. ఈ దారిన ఇంకెవరైనా ఇలాంటి నడక పెట్టుకుంటే పనికొస్తుందని ఎక్కడ ఎలా ఉందో రాస్తున్నా. బసల మంచిచెడ్డలు నేను ఒక్క లెక్క మీదే చూశాను. ఆడవాళ్ళ బాత్రూమ్ తలుపుకి లోపల గడియ పడుతుందా, నలుగురు ఆడవాళ్ళు తలుపేసుకుని మాట్లాడుకోడానికి ఒక గది ఉందా. సముద్రం కనిపించే బాల్కనీ లేకపోయినా నడక సాగుతుంది, ఆ గది లేకపోతే మాత్రం మేం బయల్దేరిన పనే జరగదు.

అసలు ఇదంతా మా వదిన వల్ల. మూడేళ్ళ కిందట ఆవిడకి ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. అది నిమ్మకాయంత అయ్యేదాకా మా అన్నయ్యకి కూడా చెప్పలేదు. "నొప్పి లేదు కదమ్మా, అదే పోతుందనుకున్నాను" అంది నాతో. ఈ జబ్బులో మోసమంతా అక్కడే ఉంది, మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది, కీమో అయింది, తర్వాత రేడియేషన్. మావైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. మంచం మీద పడుకోబెట్టేది కొన్ని నిమిషాలే, కానీ వారానికి ఐదు రోజులు, అలా వారాల తరబడి వెళ్ళాలి, అంచేత ఊరుగాని ఊళ్ళో గది తీసుకుని ఉండక తప్పదు. వైద్యం ఉచితంగా జరిగేవాళ్ళు కూడా ఈ గది అద్దె, తోడొచ్చినవాళ్ళ తిండి, నష్టపోయిన కూలి దగ్గర చితికిపోయి మధ్యలోనే ఇంటికొచ్చేస్తారు. వదిన పక్క మంచం ఆవిడ అలాగే వెళ్ళిపోయింది. ఆస్పత్రి వాళ్ళ సర్టిఫికెట్ చూపిస్తే క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్‌లో టికెట్ ఉచితమని, తోడెళ్ళేవాళ్ళకి కూడా రాయితీ ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మా పిన్ని మనవరాలు అమెరికాలో ఇలాంటి నడకలో పాల్గొంది. అక్కడ మూడు రోజుల్లో 60 మైళ్ళు నడుస్తారు, రాత్రుళ్ళు గులాబీ రంగు గుడారాల్లో పడుకుంటారు, ఒక్కొక్కరు కనీసం 2,300 డాలర్లు విరాళం పోగుచెయ్యాలి. ఆ పిల్ల ఫోటోలు చూసి వదినే అడిగింది, "మనం నడవలేమా?" అని.

మొదటి రాత్రి గోపాలపూర్‌లో. డిసెంబరు అక్కడ సీజన్, బెంగాల్ నుంచి వచ్చేవాళ్ళతో గదులన్నీ నిండిపోతాయి, నెల ముందే మాట్లాడుకోవాలి. సముద్రానికి ఎదురుగా ఉన్నవాటికన్నా వెనక సందులో లాడ్జీలు సగం ధరకే దొరుకుతాయి, శుభ్రంగానే ఉంటాయి. ఒక్కటి గమనించండి, ఉప్పుగాలికి గడియలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. డబ్బు కట్టేముందు ప్రతి బాత్రూమ్ గడియా వేసి తీసి చూడండి. మేం చూసి రెండు గదులు మార్పించుకున్నాం. లైట్‌హౌస్, పాత రేవు తాలూకు శిథిలాలు సాయంత్రం చూసేయొచ్చు. సముద్రంలో మాత్రం దిగొద్దు, అక్కడి అలలు మంచివి కావు.

గోపాలపూర్ నుంచి బరంపురం 16 కిలోమీటర్లు. మొగలి పొదలు, సరుగుడు తోటలు, చల్లగాలి. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడితే ఎండ ముదరకముందే ఊళ్ళో ఉన్నాం. నడక అలవాటు లేనివాళ్ళకి మొదటి రోజు ఇంతకన్నా ఎక్కువ పెట్టకూడదు.

బరంపురంలో పెద్ద బజారుకి దగ్గర్లో పెళ్ళిళ్ళకి ఇచ్చే సత్రంలో దిగాం. ఐదు బసల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మేడ మీద రెండు పెద్ద గదులు, కింద నాలుగు బాత్రూమ్‌లు, వేణ్ణీళ్ళకి పెద్ద గంగాళం. పొద్దున్నే పక్క వీధిలోంచి ఇడ్లీ, ఘుగుని (బఠాణీల కూర) పోసిన వడ వేడివేడిగా తెచ్చారు. సాయంత్రం చుట్టుపక్కల మగ్గాల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. తెలుగు, ఒడియా కలగలిపి మాట్లాడే ఇళ్ళు అవి. మాతో వచ్చిన రిటైర్డ్ స్టాఫ్ నర్స్ గడ్డ ఎలా వెతుక్కోవాలో చెప్పింది, చంకలో కూడా చూసుకోవాలని, చనుమొన లోపలికి లాక్కున్నా, రక్తం కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా ఆలస్యం చెయ్యకూడదని చెప్పింది. ఎవరూ నోరు విప్పలేదు. తలలొంచుకుని కూర్చున్నారు.

అప్పుడు వదిన లేచి తలుపు గడియ పెట్టి, జాకెట్ లోంచి తన మెత్త తీసి అందరి ముందూ పెట్టింది. రొమ్ము తీసేసిన వైపు పెట్టుకునేది. సిలికాన్‌ది వేలల్లో ఉంటుందని తనే కుట్టుకుంది. పాత నూలు చీర గుడ్డని గుండ్రంగా కత్తిరించి రెండు పొరలు వేసి, బరువు కోసం లోపల ఆవాలు పోసింది. ఆవాలన్నీ ఒక మూలకి జారిపోకుండా బొంతకి వేసినట్టు గళ్ళు గళ్ళుగా టాకాలు వేసింది. బరువెందుకంటే, ఒకవైపు తేలికైపోతే నడుస్తున్నకొద్దీ భుజం పైకి లేచి మెడ పట్టేస్తుంది. చెమటకి తడుస్తుంది కాబట్టి రెండు తెచ్చుకుంది, ఒకటి ఆరుతుంటే ఇంకోటి. ఆ మెత్త చేతులు మారింది. ఒక ముసలావిడ అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "ఎన్ని ఆవాలు పోసినావమ్మా?" అని అడిగింది. ఆ తర్వాత రెండు గంటలదాకా మాటలు ఆగలేదు.

రెండో రోజు బరంపురం నుంచి దిగపహండి, 30 కిలోమీటర్ల దాకా. ఇది మేం చేసిన తప్పు. ఒక్క రోజులో అంత పెట్టకూడదు, మధ్యలో ఎక్కడైనా ఆగి రెండు రోజులు చెయ్యాలి. రోడ్డు పక్కన నడవడానికి చోటు తక్కువ, లారీల దుమ్ము, అన్నిటికన్నా బాత్రూమ్‌ల బాధ. ఒక పెట్రోల్ బంకులో ఆడవాళ్ళ బాత్రూమ్‌కి తాళం వేసి, తాళంచెవి ఓనరు దగ్గరుందన్నారు. దాహం వేసినా నీళ్ళు తాగకుండా నడిచినవాళ్ళు మాలో ఐదుగురున్నారు, వాళ్ళలో ఇద్దరు మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి వ్యాన్ ఎక్కారు. ఆదుకున్నది ఊళ్ళలోని స్కూళ్ళు. రెండు చోట్ల టీచరమ్మలు గేటు తీసి లోపలికి రమ్మన్నారు. ముందే దారిలో ఉన్న బళ్ళకి ఫోన్ చేసి పెట్టుకుంటే సరిపోయేది. వ్యాన్ అతను కూడా ఆ రోజే రేటు పెంచాడు. కాగితం మీద రాయించుకోకుండా నోటిమాట మీద మాట్లాడుకున్నాం మరి. డ్రైవర్ కుర్రాడు మాత్రం బంగారం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తనే కలిపి ఎదురొచ్చి ఇచ్చేవాడు.

ఆ రాత్రి దిగిన చోటు పేరు చెప్పను. 14 మంది ఆడవాళ్ళకి ఒకటే బాత్రూమ్, దానికి గడియ లేదు, ఒకరు లోపలికెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడ్డాం. విడి గది అడిగితే లేదన్నారు. ఇంతలో ఆ ఊరి ఆశా దీదీ ఎనిమిది మంది ఆడవాళ్ళని తీసుకొచ్చింది. ఎక్కడ కూర్చోబెట్టాలి? చివరికి వ్యాన్ కిటికీలకి మా చీరలు కట్టి, లోపల టార్చి లైటు పెట్టుకుని ఒక్కొక్కరినీ చూసింది నర్సమ్మ. బయట నిలబడ్డ ఒక పెద్దాయన "చేత్తో తడిమితే ఏం తెలుస్తాదమ్మా, మెషిన్ ఉండాల గదా" అన్నాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ముంబైలో టాటా ఆస్పత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద పరిశోధన చేశారని, వాళ్ళలో సగం మందిని ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తోనే పరీక్ష చేశారని, అలా చూసిన వాళ్ళలో 50 దాటినవారికి ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయని. 30 దాటిన ఆడవాళ్ళకి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో, ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష ఉచితంగా చెయ్యాలన్నది ప్రభుత్వ పథకమే. అడిగి చేయించుకోవాలి.

ఆ వ్యాన్‌లోనే ఒకామెకి గడ్డ తగిలింది. ఎనిమిది నెలలుగా ఉందట. "నొప్పి నేదు కదమ్మా, ఏటవుతాది?" అంది. మా వదిన మాటే. వదిన ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఆ సంగతీ చెప్పాం, కానీ వారంలోగా ఆస్పత్రికి వస్తానని మాట తీసుకున్నాం. వచ్చింది. సూది పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది, కరెంటు పెట్టే రోజులకి మా డబ్బుతో గది తీసి ఉంచుతున్నాం.

మూడో రోజు తప్తపాని. చివర్లో ఘాట్ ఎక్కాలి, నెమ్మదిగా వెళితే కష్టం లేదు, అడవి నీడ ఉంటుంది. వేడినీటి బుగ్గ దగ్గర గంధకం వాసన, పక్కనే కంధీ అమ్మవారు. పర్యాటక శాఖ పంథనివాస్‌లో ఆ బుగ్గ నీళ్ళు స్నానాల గదిలోకే వస్తాయి, నొప్పులు పట్టిన కాళ్ళకి అంతకన్నా ఏం కావాలి. గదులు కొన్నే, ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అందరికీ చెప్పాలి. చంకలో గ్రంథులు తీసేసినవాళ్ళు ఆ వైపు చేతిని అంత వేడి నీళ్ళలో ముంచకూడదు, చెయ్యి వాచే ప్రమాదం ఉంది. ఆ భుజానికి బరువు తగిలించకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ, సూది కూడా వద్దంటారు. వదిన ఆ చేతికి బిగుతు తొడుగు వేసుకుని, కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. మిగతావాళ్ళం మునిగి లేస్తుంటే ఆవిడని చూసి నాకు బాధేసింది, ఆవిడకి మాత్రం ఏం పట్టలేదు, "ముప్పై కిలోమీటర్లు నా కాళ్ళే కదా నడిచాయి, వాటికే ఇస్తున్నా" అంది. మొత్తం దారిలో ఆవిడ సగం నడిచింది, సగం వ్యాన్‌లో. జబ్బు తిరగబెట్టకుండా వేసుకునే టామాక్సిఫెన్ మాత్రల వల్ల వేడి ఆవిర్లు వచ్చినప్పుడల్లా చెట్టు కింద ఆగేవాళ్ళం.

నాలుగో రోజు చంద్రగిరి దాకా మళ్ళీ 30 కిలోమీటర్లకి దగ్గర, అయినా రెండో రోజులా అనిపించలేదు. లారీలు తక్కువ, మొక్కజొన్న చేలు, కొండలు. 1963 నుంచి టిబెటన్లు అక్కడ ఉంటున్నారు. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో భోజనం మామూలే, తుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూపు) మాత్రం చలికి ప్రాణం లేచొచ్చేలా ఉంది. గడియలు గట్టివి. అక్కడ తెలుగు రాదు, ఒడియా వచ్చినవాళ్ళు మాలో ఉన్నారు కాబట్టి సరిపోయింది, సవర గిరిజనుల ఊళ్ళలో మాత్రం ఆ భాష తెలిసిన ఒక మనిషిని వెంట తీసుకెళ్ళాల్సింది. వచ్చేసారి తీసుకెళతాం.

తిరుగు ప్రయాణానికి మోహన వైపు నుంచి బరంపురం వెళ్ళే బస్సులున్నాయి, సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి మధ్యాహ్నం బస్సు పట్టుకోండి. వచ్చిన విరాళాలు 2,85,000 రూపాయలు, బసలూ వ్యానూ మా సొంత ఖర్చు, విరాళాల్లోంచి ఒక్క రూపాయి తియ్యలేదు. వచ్చే డిసెంబరుకి ఐదు రోజులు పెడుతున్నాం. దిగపహండికి ముందు ఒక బడిలో రాత్రి ఉండడానికి టీచరమ్మతో అప్పుడే మాట్లాడాను. గడియ సంగతి కూడా అడిగాను, ఉందంది.