టెన్షన్‌కి నిదానమైన ఊపిరా, చురుకైన నడకా?

మీటింగ్‌కి 5 నిమిషాల ముందు గుండె దడదడలాడుతుంటే నడకకు వెళ్లే వీలుండదు. అక్కడ ఊపిరే దిక్కు. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, 6 అంకెల దాకా నెమ్మదిగా వదలాలి. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే వదలడమే ఎక్కువసేపు ఉండాలి. గబగబా పెద్ద పెద్ద ఊపిరులు తీస్తే మాత్రం కళ్లు తిరిగి కంగారు ఇంకా పెరుగుతుంది. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు, పాపం.

నడకకు టైమ్ కావాలి, కానీ రోజూ చేస్తే దాని మేలు ఎక్కువకాలం నిలుస్తుంది. నిద్ర బాగుపడుతుంది, ఒంట్లో బిగువు సడలుతుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ వెంటాడే బెంగకు నా ఓటు నడకకే. ఆందోళనతో పనులే ఆగిపోతుంటే మాత్రం ఈ రెండిటితో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి.