చార్లీస్ వార్ మొదటి వాల్యూమ్: జో కొహూన్ బొమ్మల కోసమైనా కొనాలి

రెబెలియన్ అనే పబ్లిషర్ వాళ్ళు 2018లో తెచ్చిన చార్లీస్ వార్ అనే కామిక్ డెఫినిటివ్ కలెక్షన్ మొదటి వాల్యూమ్ చదివా, కథ పాట్ మిల్స్‌ది, బొమ్మలు జో కొహూన్‌వి, 1979 నుంచి బ్యాటిల్ అనే బ్రిటిష్ వీక్లీలో వచ్చింది. వయసు దాచి ఆర్మీలో చేరిన 16 ఏళ్ళ లండన్ కుర్రాడు చార్లీ 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నాటి సోమ్ యుద్ధంలో పడతాడు. ట్రెంచ్‌ల బురద, ముళ్ళకంచెలు, ఎలుకలు అన్నీ నలుపు తెలుపు గీతల్లోనే, పైగా ప్రతి సిపాయికీ వేరే మొహం ఉంటుంది, అందుకే ఒక్కొక్కళ్ళు పోతుంటే గుండె పిండేసినట్టయి పేజీ తిప్పడం కష్టమైంది నాకు. చార్లీ ఇంటికి రాసే ఉత్తరాలైతే కావాలనే స్పెల్లింగ్ తప్పులతో పెట్టారు, పక్కనే బొమ్మలో నరకం.

కొహూన్ నేవీలో పనిచేసిన మనిషి, 1954లో రాయ్ ఆఫ్ ది రోవర్స్ అనే ఫుట్‌బాల్ కామిక్ మొదట గీసింది ఈయనే, తర్వాత జానీ రెడ్ అనే యుద్ధ కామిక్ కూడా, కానీ పాతికేళ్ళ పనితనమంతా ఇక్కడే దిగింది అనిపిస్తుంది. 1987లో పోయారు, రావాల్సినంత పేరు రాలేదు పాపం. చిన్నపిల్లలకి వద్దు, పెద్దాళ్ళు మాత్రం మూడు వాల్యూమ్‌లూ తీసుకోండి.