పీఎం 2.5: విన్స్ ఇంపాక్టరా, సైక్లోనా?

పీఎం 2.5 అంటే గాలిలో 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి. దాన్ని కొలిచే యంత్రంలో పెద్ద కణాలను ముందే ఆపే పరికరాలే విన్స్ ఇంపాక్టర్, సైక్లోన్. వీటిలో 2.5 మైక్రాన్ల కణాల్లో సగం ఆగాలి, సగం దాటాలి. రెండింటికీ పరీక్ష ఇదే. నిమిషానికి 16.67 లీటర్ల గాలిలో సైజు తెలిసిన కణాలను వదిలి, ముందెన్ని, తర్వాతెన్ని అని లెక్కపెడతారు. శుభ్రంగా ఉన్నప్పుడు రెండూ పాసే.

దుమ్ము పట్టాక చూడాలి అసలు తేడా! విన్స్‌లో గాలి సన్నటి నాజిల్ నుంచి దూసుకొచ్చి, నూనెలో నానిన ఫిల్టర్ దగ్గర మలుపు తిరుగుతుంది. పెద్ద కణాలు తిరగలేక అక్కడే అతుక్కుంటాయి. ఆ కుప్ప పెరిగేకొద్దీ చిన్నవీ చిక్కుకుని కటాఫ్ (సగం కణాలు ఆగే సైజు) 2.5 కన్నా కిందికి జారుతుంది. అందుకే ఐదు శాంప్లింగ్ రోజులకోసారి కడగాలి. మొదట్లో వాడిన నూనె చలికి గడ్డకట్టడం ఇంకో టెన్షన్‌గా ఉండేది.

సైక్లోన్‌లో నూనె గొడవే లేదు. గాలి సుడి తిరిగితే పెద్దవి గోడకు కొట్టుకుని కింది కప్పులో పడతాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2006లో దీన్నీ ప్రామాణిక పద్ధతిలో చేర్చింది. దుమ్ము ఊళ్లకైతే నా ఓటు దీనికే.