మారతహళ్లి కెఫేలో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్

బెంగళూరు మారతహళ్లిలోని ఒక చిన్న కెఫేలో శనివారం రాత్రి 9.30కి వేసే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను మూడు వారాలుగా చూస్తున్నాను. నిర్వాహకులు తెల్ల బోర్డు మీద గీస్తూ తెలుగులో వివరించే తీరు ఎంతో బాగుంది. 4 డౌన్లలో (ప్రయత్నాల్లో) 10 గజాలు సాధించాల్సిన అఫెన్స్ (బంతితో దాడి చేసే ఆటగాళ్లు), మూడు ప్రయత్నాలకే చేతులెత్తేసి బంతిని తన్ని అప్పగిస్తే, అప్పుడే బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసా అందుకున్న అదే జట్టు డిఫెన్స్ (అడ్డుకునే ఆటగాళ్లు) మళ్లీ మైదానంలోకి పరుగెత్తాలి. 60 నిమిషాల ఆటలో నాలుగో క్వార్టర్‌కల్లా ఆ అలసట ట్యాక్లింగ్‌లో (ప్రత్యర్థిని పట్టి పడేయడంలో) కనిపిస్తుంది. మెరుపు వేగంతో టచ్‌డౌన్ చేసినా (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు సాధించినా) సొంత డిఫెన్స్‌కు విశ్రాంతి దొరకదన్న సంగతి నాకు ఇక్కడే బోధపడింది. మిరపకాయ బజ్జీలు మాత్రం చల్లారిపోయి వచ్చాయి.