కాగితం మైక్రోస్కోపు: ఒడిశాలోని రాయగడలో మూడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది బొమ్మ కాదు. డబ్బా విప్పగానే నాలుగు అట్టముక్కలు కనిపించేసరికి మా ఆయన "దీనికి డబ్బులు పోశావా" అన్నారు, నిజం చెప్పాలంటే నాకూ గుండె జారింది. దీని పేరు ఫోల్డ్‌స్కోప్. మీరట్‌లో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లిన మను ప్రకాశ్, ఆయన దగ్గర పరిశోధన చేసిన జిమ్ సిబుల్‌స్కీ కలిసి తయారుచేశారు, 2014లో దీని మీద పరిశోధన వ్యాసం వచ్చింది. డాలరు లోపే అయిపోతుందని అందులో ఉందిగా అని ఆశపడకండి, అది విడిభాగాల లెక్క. మన చేతికొచ్చేసరికి అంతకు చాలా రెట్లు అవుతుంది.

కొనడానికి కారణం మావాడి బడి. అక్కడ మైక్రోస్కోపు ఉంది, కానీ బీరువాలో ఉంది, పగిలితే ఎవరు కడతారని తాళం తియ్యరు. మావాడు ఎనిమిదో తరగతి, ఉల్లిపొర బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు, చూసింది మాత్రం బీరువానే.

మొదటి పార్సిల్‌లో లెన్సే లేదు! అమ్మినవాళ్లకి వాపసు పంపి, మళ్లీ తెప్పించుకునేసరికి దసరా సెలవులు అయిపోయాయి. అట్టముక్కలు విడదీసి, గీతల వెంబడి మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చడానికి ఒక ఆదివారం పొద్దున్నంతా పట్టింది. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. తనే మడిచాడు కాబట్టి ఏ ముక్క ఎందుకుందో వాడికి తెలుసు, ఇప్పుడు ఫోకస్ కుదరకపోతే వాడే సరిచేసుకుంటాడు.

లెన్సు అంటే చిన్న గాజు గుండు, అంతే. గుండు ఎంత చిన్నదైతే అంత పెద్దగా చూపిస్తుంది, ఇది 140 రెట్లు. 1674లో డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ కూడా ఇలాంటి ఒంటి లెన్సు పెట్టుకునే చెరువు నీళ్లలో జీవుల్ని చూశాడు. మావాడు నాగావళి ఒడ్డున పాచి పట్టినచోట సీసాతో నీళ్లు పట్టుకొచ్చాడు. మొదటి రెండు చుక్కల్లో ఏమీ లేదు, మూడోదాంట్లో ఏదో సర్రున ఈదుకుంటూ పోయేసరికి వాడు వేసిన కేకకి పక్కింటివాళ్లు వచ్చారు.

మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకి పెట్టడానికి మా అత్తయ్య కోసుకొచ్చిన మందారాల్లో ఒకదాని పుప్పొడి టేపుకి అంటించి చూస్తే ఒంటినిండా ముళ్లతో గుండ్రటి గుళ్లు, అచ్చం పల్లేరుకాయలే. అత్తయ్య కళ్లజోడు తీసేసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి "ఇన్నేళ్లూ దీన్నేనా చేత్తో దులిపేసేదాన్ని" అన్నారు.

ఉల్లిపొరకి ఒక చిట్కా: మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ ఒక చుక్క నీళ్లలో కలిపి వెయ్యండి, లేకపోతే అంతా గాజులా తెల్లగా ఉండి ఏదీ తెలియదు. ఇంకోటి, వెలుతురు కోసం బల్బు వైపో ఆకాశం వైపో పెట్టుకోవాలి కానీ సూర్యుడి వైపు అసలు తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కనురెప్ప తగిలేంత దగ్గరగా పెట్టుకోవాలి, మా చిన్నదానికి ఆరేళ్లు, దానికి అస్సలు కుదరలేదు. అయస్కాంతంతో ఫోన్‌కి తగిలిస్తే ఇంటిల్లిపాదీ తెర మీద చూడొచ్చు, దానికి అదే మేలు. పెరుగులో బాక్టీరియా చూస్తానని మావాడు రెండు రోజులు తిప్పలు పడ్డాడు. దీనికి ఆనేది రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకానే, పెరుగు బాక్టీరియా వెడల్పు అందులో సగమో ఎంతో, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి.

అసలు తమాషా భాష దగ్గర. వాడి చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగు. పక్కింటి పిల్ల ఉల్లిపొర చూస్తుంటే నేను గొప్పగా "అది కణం" అన్నాను. ఒడియాలో "కణ" అంటే "ఏమిటి". ఆ పిల్ల "కణ, మాఉసీ?" అంటుంది, నేను మళ్లీ "కణం" అంటాను, అది మళ్లీ "కణ?" అంటుంది. మావాడు పొట్ట పట్టుకుని నవ్వి, చివరికి ఒడియా మాటలో "కోష, కోష" అని చెప్పి విడిపించాడు.

ఆ పిల్ల బడిలో చెప్పినట్టుంది, సైన్స్ సార్ ఒక వారం ఇమ్మని అడిగి పట్టుకెళ్లారు. ఇది మూడో వారం. క్లాసులో చేతులు మారుతోందట, ఒక అంచు చిరిగితే టేపు వేశారట, తిరిగి అడగడానికి నాకు నోరు రావట్లేదు. నిన్ననే ఇంకోటి ఆర్డరు పెట్టాను. ఈసారి డబ్బా విప్పుతూ వీడియో తీస్తా.