డంబెల్స్‌కి ఐదు, మిసెస్ పోటీకి మూడు: మూడేళ్ళ తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. బరువులు ఎత్తే వ్యాయామానికి ఐదుకి ఐదు ఇస్తాను, ప్రొటీన్ చూసుకుని తినడానికి నాలుగున్నర, పెళ్ళైన ఆడవాళ్ళ అందాల పోటీకి మాత్రం మూడు. ఈ మధ్య నలభై దాటిన స్నేహితురాళ్ళు చాలామంది "నువ్వు వెళ్ళావు కదా, మమ్మల్నీ పేరివ్వమంటావా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

నాకిప్పుడు యాభై. విశాఖలో ఉంటాం. పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, పిల్లలిద్దరూ చదువులకి వేరే ఊళ్ళలో ఉన్నారు. నలభై ఏడో ఏట నా ఒళ్ళు నాది కాదన్నట్టు అయిపోయింది. అర్ధరాత్రి ఒంట్లోంచి సెగలు, చెమటకి దిండు తడిసిపోవడం, మళ్ళీ నిద్ర పట్టక తెల్లారేదాకా ఫ్యాన్ చూస్తూ పడుకోవడం. నెలసరి ఒక నెల రెండుసార్లు, ఆ తర్వాత రెండు నెలలు అసలు లేదు, వస్తే మాత్రం ఆగదు. తిండి అదే, పని అదే, నడుము మాత్రం పెరుగుతూనే ఉంది. ఇది మెనోపాజ్‌కి ముందు దశ అనీ, ఇది కొన్నేళ్ళ పాటు నడుస్తుందనీ మా అమ్మ చెప్పలేదు, అత్తయ్య చెప్పలేదు. వాళ్ళకి మాత్రం ఎవరు చెప్పారు గనక.

రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కి ముందు దశ అంటారు, 6.5 తాకితే షుగరే. హిమోగ్లోబిన్ చూస్తే పదిలోపు. ఆ రక్తస్రావానికి ఒకచోట చూపించుకుంటే "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా గర్భసంచితో పనేముంది, తీసేద్దాం" అన్నారు, అదీ మొదటిసారి వెళ్ళినప్పుడే. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చదివేవాళ్ళలో చాలామంది ఈ మాట విని ఉంటారు. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే చెబుతున్నాయి. మా చిన్న వదినకి ముప్పై ఐదు దాటకుండానే తీసేశారు, అండాశయాలతో సహా. అండాశయాలు తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకల బలం కూడా త్వరగా తగ్గుతుంది. ఇప్పుడు ఆవిడ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. నిజంగా అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. కానీ రెండో డాక్టరుని అడగకుండా ఒప్పుకోకండి. నేను అడిగాను. స్కాన్ చేశారు, ఐరన్ ఇచ్చారు, రక్తస్రావానికి మందు రాశారు, కొన్ని నెలల్లో అదుపులోకి వచ్చింది. ఆ రెండో డాక్టరమ్మే "నడకొక్కటీ చాలదమ్మా, ఈ వయసులో బరువులు ఎత్తాలి" అంది.

ఇక అసలు రివ్యూ. మా కాలనీలో చిన్న జిమ్ ఉంది, ట్రైనర్ మా అబ్బాయి ఈడువాడు. మొదటిరోజు "ఆంటీ, మీరు ట్రెడ్‌మిల్ చేసుకోండి" అన్నాడు. "కాదు బాబూ, నాకు బరువులు నేర్పు" అన్నాను. మంచి పిల్లాడు, ఓపిగ్గా నేర్పాడు. చేతుల్లో ఏమీ లేకుండా బెంచీ మీద కూర్చుని, చేతి ఊతం లేకుండా లేవడంతో మొదలు. అదే కష్టమైంది. తర్వాత చిన్న డంబెల్ ఛాతీకి ఆనించుకుని అదే పని. ఆ తర్వాత డెడ్‌లిఫ్ట్: వీపు నిటారుగా ఉంచి, తుంటిని వెనక్కి నెట్టి, నేల మీది బరువుని కాళ్ళ బలంతో లేపడం. వినడానికి భయంగా ఉంటుంది గానీ, మనం ఇళ్ళల్లో బిందెలు ఎత్తింది, మంచాలు జరిపింది, చంటిపిల్లల్ని చంకనేసుకుంది ఏ పద్ధతీ లేకుండానే కదా, ఇక్కడ పద్ధతి ప్రకారం చేస్తాం, అంతే తేడా.

ఫలితం ఎప్పుడు తెలిసిందంటే, ఒకరోజు కొట్టువాళ్ళు బియ్యం బస్తా గుమ్మంలో దింపేసి వెళ్ళిపోయారు, 26 కిలోలది. మావారు లోపల్నించి "ఉండు, నేనొచ్చి పడతాను" అంటున్నారు. "ఏవండీ, మీరు స్టోర్‌రూమ్ తలుపు తీసి పట్టుకోండి చాలు" అని, జిమ్‌లో చేసినట్టే మోకాళ్ళు కొంచెం వంచి, బస్తాని ఒంటికి దగ్గరగా లాక్కుని లేపాను, తీసుకెళ్ళి పెట్టాను. నడుము పట్టలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం తర్వాత స్టేజీ మీద చప్పట్లకి కూడా కలగలేదు.

మూడేళ్ళ వాడకం తర్వాత మంచీ చెడూ చెప్పాలంటే, మొదటి రెండు నెలలూ ఒళ్ళునొప్పులు తప్పవు, బరువు తూచే మిషన్ మీద అంకె కూడా పెద్దగా కదలదు. చాలామంది అక్కడే మానేస్తారు. టేపు పెట్టి నడుము కొలుచుకోండి, అది నిజం చెబుతుంది. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు, అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. నాది ముప్పై ఆరు నుంచి ముప్పై రెండుకి వచ్చింది, బరువు తగ్గింది ఐదు కిలోలే. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. ఇంకొకటి, ఆడవాళ్ళం ఒకరితో ఒకరం కూడా చెప్పుకోనిది: దగ్గినా తుమ్మినా గెంతినా మూత్రం చుక్క పడటం. కాన్పులైన వాళ్ళలో ఇది మామూలే, సిగ్గుపడి జిమ్ మానేయాల్సిన పని లేదు. ఫిజియోథెరపిస్టు కటి కండరాలకి, అంటే మూత్రసంచిని కింద నుంచి పట్టి ఉంచే కండరాలకి, వ్యాయామాలు నేర్పుతారు, క్రమం తప్పకుండా చేస్తే బాగా తగ్గుతుంది. నాకు తగ్గింది.

నడక గురించి పెద్దగా రాయను. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడుస్తాను, మనసుకి మంచిది, నిద్రకి మంచిది. వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనవాళ్ళు మొదటి సగమే విన్నారు.

తిండి విషయానికి వస్తే, మా ఇంట్లో అన్నం కంచం నిండా, పప్పు గరిటెడు, కూర పక్కన కాస్త, ఇదీ వరస. ప్రొటీన్ ఎక్కడుంది ఇందులో? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. నేను తింటున్నది నాలుగు రోజులు రాసుకుని చూస్తే అందులో సగానికి కొంచెం పైన తేలింది. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, 100 గ్రాముల పెసరపప్పులో 24 దాకా ఉంటుంది. అందుకే మా ఇంట్లో ఇడ్లీ తగ్గి పెసరట్టు పెరిగింది, మధ్యాహ్నం గుడ్లు, వారంలో మూడు రోజులు చేప. కానాగంతలు చవగ్గా దొరుకుతాయి, వంజరమే తినాలని రూలేం లేదు. అన్నం మానలేదు, తగ్గించాను, కూర తిన్నాక అన్నం కలుపుకుంటాను. రాగుల మీద ఒక మాట. రాగి అంబలి మొదలుపెడితే అన్నీ సర్దుకుంటాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ధాన్యాల్లో కాల్షియానికి రాగులంత మంచిది లేదు, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే, కానీ ప్రొటీన్ ఏడు గ్రాములే, పైగా పల్చటి జావ షుగర్ని తొందరగా పెంచుతుంది. నేను గ్లూకోమీటర్‌తో చూసుకుని జావ మానేసి రొట్టెలోకి మారాను. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, పండగలకి, పెళ్ళిళ్ళకి, ఆఫీసు పార్టీలకి ఈ లెక్క నిలబడదు, రెండు వంటలు వండే పని మళ్ళీ మన నెత్తినే పడుతుంది.

ఇప్పుడు పోటీ. 2024లో మా అమ్మాయి ఒక ఫోటో పంపింది, "అమ్మా, ఈవిడకి అరవై అట, చూడు" అని. అర్జెంటీనాలో అలెహాంద్రా రోడ్రిగెజ్ అనే ఆవిడ మిస్ యూనివర్స్ బ్యూనస్ ఎయిరీస్ కిరీటం గెలుచుకుంది. అంతకుముందు మిస్ యూనివర్స్‌కి 28 ఏళ్ళ హద్దు ఉండేది, ఆ ఏడాది నుంచి తీసేశారు. అదే ఏడాది దక్షిణ కొరియాలో ఎనభై ఏళ్ళ చోయ్ సూన్-హ్వా ఆ దేశపు పోటీలో స్టేజీ ఎక్కింది. తెల్లజుట్టుతో, వీపు నిటారుగా. ఆవిణ్ణి చూశాక మనకేం తక్కువ అనిపించింది, ఒక మిసెస్ పోటీలో నలభై ఐదు దాటినవాళ్ళ విభాగానికి పేరిచ్చాను.

ఈ మిసెస్ పోటీల సంగతి ముందు తెలుసుకోండి. 2001లో డాక్టర్ అదితి గోవిత్రికర్, 2022లో సర్గం కౌశల్ గెలిచిన మిసెస్ వరల్డ్ ఒకటి, దాని చరిత్ర 1984 నుంచి ఉంది. అది కాక మన దేశంలో మిసెస్ అనే పేరు ముందు పెట్టుకుని నడిచే పోటీలు బోలెడు, ఎవరి కంపెనీ వాళ్ళది, ఎవరి కిరీటం వాళ్ళది. అందరికీ కలిపి ఒక అధికార సంస్థంటూ లేదు. నేను వెళ్ళిన చోట ఆడిషన్ ఉచితమే. సెలక్ట్ అయ్యారని మెసేజ్ వచ్చిన దగ్గర్నించి గ్రూమింగ్‌కి, అంటే పోటీకి తయారుచేసే శిక్షణకి, ఇంత, హోటల్‌కి ఇంత, ఫోటోషూట్‌కి ఇంత, గౌనుకి ఇంత, చుట్టాల కోసం టికెట్లు ఇన్ని కొనాలి, ఇలా ఒక్కోటీ బయటికొచ్చింది. అన్నీ ముందే ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఒక మార్కు అక్కడ పోయింది. రెండోది గ్రూమింగ్‌లో పోయింది: ఫైనల్‌కి ముందు అన్నం, ఉప్పు, చివరికి నీళ్ళు కూడా తగ్గించమన్నారు, నాతో ఉన్న ఒకావిడకి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఆమె బీపీ మాత్ర వేసుకునే మనిషి. నలభై ఐదు దాటినవాళ్ళకి ఇరవై ఏళ్ళ పిల్లల డైటు చెప్పడం ప్రమాదం. నేను నా గుడ్లు, నా పెరుగన్నం మానలేదు.

ఇక ఇచ్చిన మూడు మార్కుల సంగతి. హీల్స్ మీద నడక నేర్చుకోవడం మొదట్లో నాకు ఇష్టంలేని పని. కానీ వరండాలో గచ్చు మీద నాలుగంగుళాల హీల్స్ వేసుకుని, కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడకుండా మోకాలు కొద్దిగా ముందుకి తన్ని అడుగేయడం సాధన చేస్తుంటే, జిమ్‌లో ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం ఎందుకు చేయించారో అర్థమైంది. ఈ వయసులో పడిపోకుండా ఉండటమే పెద్ద ఆస్తి, చీలమండ బలం దానికే. సంప్రదాయ దుస్తుల రౌండ్‌కి మెరుపుల పట్టుచీర అద్దెకి తెచ్చుకోమన్నారు. నేను పొందూరు ఖద్దరు చీర కట్టుకున్నాను. శ్రీకాకుళం జిల్లాలో ఆ ఊరివాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రం చేసి, ఆ తర్వాతే వడుకుతారు. సన్నటి పళ్ళున్న ఆ దవడ గింజ పక్కనున్న పీచుని దువ్వెనలా సాపు చేస్తుంది. గంజి పెట్టిన ఆ తెల్లచీరలో లైట్ల కింద నడుస్తుంటే, పక్కన యాంకర్ ఈ సంగతి చదువుతుంటే, హాలంతా నిశ్శబ్దంగా విన్నారు. మా నాన్నగారి వైపు ఊళ్ళు ఆ చుట్టుపక్కలే.

ప్రశ్నల రౌండ్ ఇంగ్లీషులో పెడతామన్నారు, నేను తెలుగులో చెబుతానని ముందే అడిగాను, ఒప్పుకున్నారు. ఇది అడగొచ్చని చాలామందికి తెలీదు, మొహమాటపడి వచ్చీరాని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి దిగిపోతారు. మన వయసు ఆడవాళ్ళకి ఏం చెబుతారని అడిగారు. నేను గర్భసంచి గురించి, రెండో డాక్టర్ గురించి చెప్పాను. కిరీటం రాలేదు, చివరి పది మందిలో ఉన్నాను. గెలిచినావిడ నిజంగా బాగా చేసింది. స్టేజీ దిగాక వెనకాల మేకప్ గదిలో ఇద్దరు నా దగ్గరికొచ్చారు, ఒకావిడకి వచ్చే నెల ఆపరేషన్ డేటు ఇచ్చారట, రిపోర్టులు ఫోన్లో చూపించింది. నేను డాక్టర్ని కాను, మా డాక్టరమ్మ నంబరు ఇచ్చాను. ఈ ఒక్కదానికే మూడు మార్కులూ ఇవ్వచ్చు.

పోటీ అయి ఏడాది దాటింది. మొన్నటి హెచ్‌బీఏ1సీ 5.6. సెగలు పూర్తిగా పోలేదు, తగ్గాయి, రాత్రి ఒకసారి లేచినా మళ్ళీ నిద్రపడుతోంది. ఎముకల డెక్సా స్కాన్ ఇంకా చేయించుకోవాలి, వచ్చే నెల పెట్టుకున్నాను.

పోటీకి వెళ్ళాలనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇవి అడగండి: మొత్తం ఖర్చు రాతపూర్వకంగా ఇస్తారా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, ఫోటోలు, వీడియోలు ఎవరి సొంతం, తెలుగులో మాట్లాడనిస్తారా, గెలిచాక పై పోటీకి మళ్ళీ మనమే కట్టుకోవాలా. దేనికైనా "అదంతా తర్వాత చూద్దాం మేడమ్" అంటే వదిలేయండి. పోటీ కోసం మూడు నెలల్లో సన్నబడాలని మాత్రం వెళ్ళొద్దు, ముందు ఓ ఆరు నెలలు బరువులు ఎత్తి చూడండి, అప్పటికీ స్టేజీ ఎక్కాలనిపిస్తే హాయిగా ఎక్కండి.

మా బ్యాచ్‌లో కొంతమందిమి ఇప్పటికీ ఆదివారాలు పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర కలుస్తాం, కాసేపు నడుస్తాం, తర్వాత ఇసుకలో స్క్వాట్లు చేస్తాం. గాజువాక నుంచి వచ్చే ఒకావిడ యాభై ఆరేళ్ళకి మొదలుపెట్టింది, పోటీతో ఆవిడకి ఏ సంబంధమూ లేదు, మోకాళ్ళ కోసమే వస్తుంది. విశాఖలో ఉన్నవాళ్ళు రావాలనుకుంటే రండి, బూట్లు వేసుకుని రండి, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి.