మోటార్ వైండింగ్ కాలిపోయిందంటే విప్పి చూపించమనండి, నాలా మోసపోకండి

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మోటార్ వైండింగ్ (లోపలి తీగ చుట్లు) కొత్తగా చుట్టే ఆ రీవైండింగ్ మెకానిక్ ఎవరో మీలో చాలామందికి తెలుసు, మనలో సగం మంది మోటార్లు ఆయన దగ్గరికే వెళ్తాయి. పేరు మాత్రం రాయను.

నాది రంపం మిషన్, సింగిల్ ఫేజ్ మోటార్. నెల కిందట స్విచ్ వేస్తే గుర్రుమని మోగడమే గానీ తిరగలేదు. ప్లగ్ పీకి, బెల్ట్ తీసి చూశాను. షాఫ్ట్ చేత్తో తిప్పితే తేలిగ్గానే తిరిగింది, బేరింగులు పట్టేయలేదు. బెల్ట్ లేకుండానే షాఫ్ట్‌కి తాడు చుట్టి లాగి స్విచ్ వేస్తే మామూలుగా నడిచింది. కాలిన వాసన లేదు, పొగ లేదు. ఇదంతా ఆయనకి చెప్పాను. కవర్ కూడా విప్పకుండా "వైండింగ్ పోయింది, మొత్తం కొత్తగా చుట్టాలి" అన్నాడు. పని అప్పగించాల్సిన తేదీ దగ్గర పడింది, ఆ టెన్షన్‌లో సరే అనేశాను.

మోటార్ వచ్చింది, నడిచింది. కానీ గట్టి చెక్క పెడితే చాలు వేడెక్కి, మోటార్‌ని ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోయేది. మూడు వారాలకి మళ్లీ అదే గుర్రు, అదే ఆగిపోవడం. ఈసారి తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చి వెనక కవర్ విప్పారు. అక్కడ సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటార్ వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగ్‌ని తప్పించేది) కాంటాక్టుల మధ్య మెత్తటి రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది. ఆ కాంటాక్టులు కలవకపోతే మోటార్‌ని మొదట కదిలించే స్టార్టింగ్ వైండింగ్‌కి కరెంటే అందదు, మోటార్ తనంతట తాను కదల్లేదు. ఆయన పొట్టు ఊది, కాంటాక్టులు సన్నటి ఎమరీ కాగితంతో రుద్దారు. పది నిమిషాల పని. మోటార్ మొదటి స్విచ్‌కే లేచింది. అప్పుడే ఆయన వైండింగ్ వైపు అనుమానంగా చూసి, తీగ కొసని బ్లేడుతో గీరారు. పైన రాగి రంగు పూత, లోపల తెల్లగా అల్యూమినియం! కంపెనీ నుంచి వచ్చినప్పుడు అందులో ఉన్నది రాగి.

వెంటనే షాపుకి వెళ్లాను. అక్కడ నలుగురు కస్టమర్లు ఉన్నారు. "అన్నా, రాగి తీసి అల్యూమినియం ఎందుకు చుట్టావు?" అని మర్యాదగానే అడిగాను. తల కూడా ఎత్తలేదు. "రాగి వేయమని నువ్వు అడిగావా? నేను వేస్తానన్నానా?" అన్నాడు. నా పాత తీగ ఏదని అడిగితే "చెత్తలో పోయింది" అన్నాడు. రాగిని ఎవరైనా చెత్తలో పారేస్తారా? స్విచ్‌లో పొట్టు సంగతి చెప్పబోతే, "అంత తెలిసినోడివి నువ్వే బాగు చేసుకోవాల్సింది, నా దగ్గరికెందుకొచ్చావు?" అని అందరి ముందూ అరిచాడు. పదేళ్లుగా ఆయన దగ్గరికే వెళ్తున్నాను. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

తప్పు నాది కూడా. రాగి అని రాయించుకోలేదు, రసీదు అడగలేదు. తాడుతో లాగితే నడిచినప్పుడే లోపం స్టార్టింగ్ వైపు ఉందని నాకు తట్టి ఉండాల్సింది. మంచి వైండింగ్‌ని చేతులారా పోగొట్టుకున్నాను. అదే మందం అల్యూమినియం తీగకి రాగి కంటే రెసిస్టెన్స్ దాదాపు 1.6 రెట్లు ఎక్కువ. అది వేడెక్కక ఏమవుతుంది?

మీ మోటార్ గుర్రుమంటూ తిరక్కపోతే వెంటనే స్విచ్ ఆపేయండి. అలా వదిలేస్తే బాగున్న వైండింగ్ కూడా నిజంగానే కాలిపోతుంది. ముందు కెపాసిటర్ (మోటార్ లేవడానికి ఊతమిచ్చేది), ఆ తర్వాత సెంట్రిఫ్యూగల్ స్విచ్ చూపించుకోండి. ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు, డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోకండి. చుట్టించాల్సే వస్తే రాగి అని కాగితం మీద రాయించుకుని, పాత తీగ వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు ఎవరి మోటారైనా ఆయన దగ్గర ఉంటే, తీగ కోయకముందే ఈరోజే వెళ్లి విప్పించి చూడండి.